ప్రసాదం మానేసిన చేప

తొంభైల మధ్యలో దోహాలో మేముండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో, ఒక విల్లా కింది వాటాలో. మా ఆయన ఇంజినీరు. నేను జువాలజీ ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు కాలేజీలో పరాన్నజీవుల పాఠాలు చెప్పినదాన్ని. కానీ అక్కడికి వెళ్ళింది మొగుడి స్పాన్సర్‌షిప్ మీద, ఫ్యామిలీ వీసాతో. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. శుక్రవారం భోజనాలకు వచ్చినవాళ్ళు "మేడమ్ ఏం చేస్తుంటారు?" అని అడిగితే మా ఆయన నవ్వుతూ "ఖాళీయే" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ విస్తట్లో గుత్తొంకాయ వడ్డిస్తున్న చెయ్యి నాదే మరి.

పక్క వాటావాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ ఒక పెద్ద గాజు తొట్టినీ, అందులో అరచెయ్యంత, ఆస్కార్ అనే జాతి చేపనీ మాకు ఇచ్చిపోయారు. నల్లటి ఒంటి మీద నిప్పురంగు మచ్చలు. నేను హాల్లోకి వస్తే చాలు, గాజుకు మూతి ఆనించి తోక ఆడించేది. ఈ ఇంట్లో నన్ను చూసి సంతోషపడేది ఇదొక్కటే అంటే మా ఆయన ఉడుక్కునేవారు.

మా ఇంట్లో నీచు వండరు. చేపకు మాత్రం దుకాణంలో దొరికే గింజల మేత వేసేదాన్ని. ఆ డబ్బా మీద చేపల పొడి, రొయ్యల పొడి అని రాసి ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంతలో అత్తగారు విజిట్ వీసా మీద వచ్చారు. రాజమండ్రిలో గోదావరి మెట్ల మీద నిలబడి చేపలకు మరమరాలు చల్లిన మనిషి. పూజ కాగానే నైవేద్యం పెట్టిన అన్నం ఇంత తెచ్చి తొట్టిలో వెయ్యడం మొదలుపెట్టారు. మేత డబ్బా ఎక్కడో దాచేశారు.

"అది మాంసం తినే జాతండీ," అన్నాను.

"అయితే ఏం? మనింట్లో ఉన్నన్నాళ్ళూ మనలాగే తింటుంది. ప్రసాదం తింటే దానికీ పుణ్యం, మనకీ పుణ్యం," అన్నారు.

పుణ్యం సంగతేమో గానీ చేప చిక్కిపోయింది. కడుపు లోపలికి పోయింది. వెనకాల మలం తెల్లటి దారంలా వేలాడేది. కళ్ళపైన చిన్న చిన్న గుంటలు పడ్డాయి. చివరికి ప్రసాదం కూడా మానేసి ఒక మూల తల వాల్చుకుని ఉండిపోయింది. రోగమేమిటో నాకు చూడగానే అర్థమైంది. పేగుల్లో చేరే ఏకకణ పరాన్నజీవి, సరైన తిండి లేక నీరసించిన చేపను ఇట్టే లొంగదీస్తుంది. మైక్రోస్కోపు లేదు, నిజమే. కళ్ళున్నాయి కదా.

మా ఆయన్ని వెంటబెట్టుకుని సూక్‌కి, అంటే అక్కడి బజారుకి వెళ్ళి, చేపలమ్మే అతనికి లక్షణాలన్నీ చెప్పాను. "మాఫీ ఫాయిదా మేడమ్. యే ఖలాస్. దూస్రా లేలో," అన్నాడు. లాభం లేదు, దీని పని అయిపోయింది, ఇంకోటి పట్టుకుపొమ్మని.

"విన్నావుగా. టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసేద్దాం," అన్నారు మా ఆయన.

అరచెయ్యంత చేపను ఫ్లష్ చేస్తారట, ఇంజినీరుగారు! "నా చేప చావదు," అన్నాను.

అప్పట్లో సెలవుకు ఇండియా వెళ్ళొచ్చిన ప్రతి తెలుగు కుటుంబం పచ్చడి జాడీలతో పాటు ఒక మందుల సంచీ తెచ్చుకునేది. జ్వరానికి, జలుబుకు, విరేచనాలకు. ఇంటికీ ఇంటికీ మధ్య కరివేపాకులాగే మాత్రలూ చేతులు మారేవి. మా సంచీలో మెట్రోనిడజోల్ ఉంది. మనిషి పేగుల్లో పరాన్నజీవిని చంపే మందు చేప పేగుల్లోనూ చంపుతుంది. అది నేను పిల్లలకు చెప్పిన పాఠమే.

"మనుషుల మాత్రలు చేపకా? పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి!" అన్నారు అత్తగారు.

నీళ్ళు వెచ్చగా ఉండాలని హాల్లో ఏసీ కట్టేశాను. దోహాలో ఏసీ కట్టెయ్యడమంటే ఇంటి మీద యుద్ధం ప్రకటించడమే. మాత్ర పొడి చేసి నీళ్ళలో కలిపాను. కానీ మందు కడుపులోకి పోవాలి, పోవాలంటే అది నోరు తెరవాలి. ఇక రొయ్యలే దిక్కు. ఆరు నూరైనా సరే అనుకుని టాక్సీలో వెళ్ళి గుప్పెడు రొయ్యలు తెచ్చాను. బీఎస్సీలో రొయ్య కాళ్ళూ మీసాలూ ఒక్కొక్కటే ఊడదీసి అట్ట మీద అంటించిన చేతులివి. వాటికి అసహ్యమేమిటి?

అత్తగారు వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "నేనుండగా నీచు ఈ గడప దాటదు. కావాలంటే పెరట్లో చేసుకో."

"పెరట్లో ఆ ఎండకు క్షణంలో కుళ్ళిపోతాయండీ. అసలు మీ ప్రసాదం వల్లే అది ఈ గతికొచ్చింది. రేపట్నుంచి వెయ్యకండి."

"అమ్మతో అలాగేనా మాట్లాడేది?" అన్నారు మా ఆయన.

"అలాగే. మీరిద్దరూ కలిసి దాన్ని చంపుతుంటే ఇంకెలా మాట్లాడను?"

అత్తగారు పక్కకు తప్పుకున్నారు. రొయ్యలు తరిగి, మాత్ర పొడి కలిపి, చిన్న ఉండలు చేసి వేశాను. చేప ఒకటి అందుకుంది, థూ అని ఉమ్మేసింది. పచ్చి చేదు మరి. వెల్లుల్లి నూరి, ఆ రసంతో కొత్త ఉండలు చేశాను. మళ్ళీ అందుకుంది. మళ్ళీ ఉమ్మింది. నేనూ మళ్ళీ వేశాను. ఉమ్మినదాన్నే వెతుక్కుని నోట పట్టింది, ఈసారి దవడలాడించి మింగింది.

"తిన్నదా?" అని వెనక నుంచి వినిపించింది. పడగ్గదిలో చల్లగా ఏసీ ఉండగా, అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చెమటలు కక్కుకుంటూ అక్కడే నిలబడి ఉన్నారు.

తెల్లదారం పోయింది. కడుపు మళ్ళీ నిండుగా కనిపించింది. ఒకరోజు అత్తగారు పూజ ముగించి అలవాటుగా అన్నం పట్టుకుని తొట్టి దాకా వచ్చారు. చేప ఎగిరొచ్చి గాజుకు మూతి ఆనించింది. ఆవిడ కాసేపు చూసి, అన్నం పట్టుకెళ్ళి వాకిట్లో పావురాలకు వేశారు. "దాని మందు వేళయింది, చూసుకో," అన్నారు నాతో.

తర్వాతి శుక్రవారం మా ఆయన ఆఫీసులో కొత్తగా చేరినాయన భోజనానికి వచ్చాడు. "మేడమ్ ఏం చేస్తుంటారండీ?" అన్నాడు. మా ఆయన నవ్వడానికి సిద్ధమవుతున్నారు.

"జువాలజీ ఎమ్మెస్సీనండీ," అన్నాను సాంబారు గరిటె పట్టుకునే. "ఆ తొట్టిలో చేపకు పేగుల్లో రోగమొస్తే చేదు మాత్రలు మింగించి నేనే నయం చేశాను."

"చేపకా! అంత చేదు మందు ఎలా మింగిందండీ?"

"మొదట ఉమ్మేసిందండీ. నేను వదల్లేదు. ఆ తర్వాత మింగింది. ఎవరైనా అంతే కదా," అన్నాను, మా ఆయన వైపే చూస్తూ.

ఆయన తలెత్తకుండా ముద్ద మింగారు.