కళ్ల మంటకు కార్జం కడిగిన రోజులు

పోయిన నెల మా కోడలు పలాస బజారు నుంచి ఒక సీసా తెచ్చింది. సీసా మీద ఏవో ఆకుల బొమ్మలు, వాటి కింద ఈ మందు కాలేయాన్ని కడిగి కళ్ల మంటలు పోగొడుతుందని నాలుగు వరుసల రాత. మూత తీసి వాసన చూశాను. పైన శొంఠి, మధ్యలో కరక్కాయ, అడుగున ఎక్కడో నక్కి కూర్చున్న ఆముదం. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడిచ్చాడే నీకిది?" అని కేకేస్తే ఆ పిల్ల బిత్తరపోయి, "మిసను కుట్టినప్పుడల్లా కళ్లు మండిపోతన్నాయత్తా. కొట్టోడు లివరేడి అన్నాడు" అంది. పాపం దాని తప్పేముంది! యాభై ఏళ్లు దాటినా ఆ మాట చావకుండా సీసాలోకి దూరి, మీద కాగితం అంటించుకుని మా ఇంటికే వచ్చిందే అని నా ఏడుపు.

మా ఊరు సంతబొమ్మాళి అవతల, గాలి అటునుంచి తిరిగితే సముద్రం హోరు వినపడేంత దూరంలో, ఉద్దానం ఇసుక నేలల్లో ఉండేది. నడిస్తే మడమలు కూరుకుపోయే దారులు, దారికి రెండు పక్కలా మొగలి పొదలు, వాటి వెనక కొబ్బరి చెట్లు, పనస చెట్లు, వాటి నీడ దాటితే నేలకు కొమ్మలానించి పడుకున్న జీడి తోటలు. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, అందులోకి జాలరి పల్లె నుంచి గంపలో వచ్చిన ఎండు చేప కాల్చిన ముక్క, మధ్యాహ్నం పనస పిక్కల కూర. మా అయ్య రంగం వెళ్లాడు. అంటే రంగూను. మా వైపు మగవాళ్లు ఓడెక్కి అక్కడికి కూలికి పోయి ఏ మూడేళ్లకో వచ్చేవారు. ఇంట్లో మిగిలింది నలుగురు ఆడవాళ్లం: నానమ్మ, అమ్మ, నాకన్నా నాలుగేళ్లు పెద్దదైన అప్ప, నేను. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఎండలు ముదిరేసరికి జీడి తోటల్లో పసుపు పళ్లు, ఎర్ర పళ్లు రాలి, ఊరంతా పులిసిన తీపి వాసన కొట్టేది. పిల్లలం తెల్లవారకుండానే పోయి పళ్లు ఏరి, కింద వేలాడే పిక్కను మెలితిప్పి తీసి, పండును చీకి పారేసేవాళ్లం. గొంతు గరగరలాడి, గౌన్ల మీద ఎన్ని ఉతుకులకూ పోని మరకలు పడేవి. జీడి పిక్కలతోనే మా ఆటలన్నీ. ఇసుకలో గీత గీసి వరసగా పిక్కలు నిలబెట్టి దూరం నుంచి కొట్టడం, గెలిచినవి ఒడిలో కట్టుకోవడం, ఓడినవాళ్లు ఏడవడం. అమ్మవారి సంబరం కూడా ఆ రోజుల్లోనే వచ్చేది. డప్పులు, ఘటాలు, నూనెలో వేగే బూరెల వాసన, పొరుగూళ్ల నుంచి దిగిన చుట్టాలు, ఇల్లు పట్టేది కాదు. వేసవి అంటే ఊళ్లో పిల్లలందరికీ ఇదే. మా అప్పకు మాత్రం వేసవి అంటే మంగలం.

మంగలం అంటే పగిలిన కుండ అడుగు. పెరట్లో తాటాకు పందిరి కింద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మంగలం, అందులో పిక్కలు. కాసేపు ఊరుకుంటాయి, ఆ తర్వాత చెమ్మ పట్టినట్టు నల్లటి జిడ్డు కారుస్తాయి, ఆ జిడ్డు ఒక్కసారిగా భగ్గున అంటుకుంటుంది. అప్పుడు లేస్తుంది పొగ! నల్లగా, చిక్కగా, గొంతులో గుచ్చుకునే పొగ. ఆ పొగలో కూర్చుని పొడుగాటి కర్రతో కలియబెడుతూ, మాడకుండా సరైన క్షణంలో ఇసుకలోకి దొర్లించాలి. క్షణం ముందైతే పెచ్చు ఊడదు, క్షణం ఆగితే పప్పు బొగ్గు. ఊళ్లో అంత ఒడుపు మా అప్పకు తప్ప ఎవరికీ లేదని పేరు. ఆ పేరే దాని కొంప ముంచింది. పదమూడేళ్ల పిల్లను పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా అక్కడే కూర్చోబెట్టేవారు. సాయంత్రానికి దాని కళ్లు దాసాని పువ్వుల్లా, అంటే ఎర్ర మందారాల్లా అయ్యేవి. రెప్పలు ఉబ్బి, నీళ్లు కారి, బుగ్గల మీద మసిలో రెండు చారలు పడేవి.

నానమ్మ ఆ కళ్ల సంగతి విని అల్లాడిపోయేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నాకు కోపం ఉన్నా ఆ మాట చెప్పాలి. అప్ప అంటే ఆవిడకు ప్రాణం. ఆవిడ కళ్లు అప్పటికే సగం పోయాయి. మనిషిని గొంతును బట్టి పోల్చుకునేది. "మా యమ్మ నాకు కార్జం కడగనేదు. పైత్యం కళ్లకెక్కీసి నానిలాగ అయిపోనాను. నా మనవరాలికి ఆ గతి రానిత్తానేటి!" అనేది. కార్జం అంటే కాలేయం. మేక కార్జం వండుకున్నప్పుడు తప్ప మేం ఎవ్వరం ఆ వస్తువును చూసిన పాపాన పోలేదు. కానీ కార్జం వేడెక్కితే అందులో పైత్యం పొంగుతుందనీ, పొంగింది కళ్లలోకి ఎక్కుతుందనీ, కిందనుంచి కడిగేస్తే పైన కళ్లు చల్లబడతాయనీ మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

కడగడం అంటే ఆముదం. తెల్లవారుతూనే పరగడుపున, శొంఠి కషాయంలో గిద్దెడు ఆముదం. అమ్మ కలిపి తెచ్చేది, నానమ్మ తడుముకుంటూ అప్ప ముక్కు పట్టుకునేది. ఇక ఆ పూటంతా ఆ పిల్ల పెరటికీ అరుగుకీ తిరిగి తిరిగి, సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేది. ఆ తర్వాత మూడు రోజులు పథ్యం: గంజి, వేపుడు బియ్యం జావ, చారు నీళ్లు. గాలి తగలకూడదు, ఎండ తగలకూడదు, పొయ్యి దరికి పోకూడదు. చీకటి గదిలో చాప మీద పడుకోవడమే. మూడో రోజుకి చూడండి, అప్ప కళ్లు కడిగిన ముత్యాల్లా ఉండేవి! నానమ్మ దాని మొహం వెలుగులోకి తిప్పించి, ఎరుపు ఉందో లేదో మా అందరి చేతా చెప్పించుకుని, "సూసినారా? కార్జం కడిగితే కన్ను తేటపడిపోనాది" అని వీధి వీధంతా వినపడేలా అనేది. నాలుగో రోజు అప్ప మళ్లీ మంగలం దగ్గర. వారం తిరిగేసరికి మళ్లీ దాసాని పువ్వులు. మళ్లీ ఆముదం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇందులో పెద్ద తెలివేం అక్కర్లేదు. ఆ మూడు రోజులూ పొగలో కూర్చోదు కాబట్టి కళ్లు తగ్గుతున్నాయి, అంతే కదా! ఆ మాటే చెప్పాను. నానమ్మ అప్పుడు అడ్డచుట్ట కాలుస్తోంది. మా వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆవిడ చుట్ట తీసి, తుపుక్కున ఉమ్మేసి, "ఒలే గుంటా! నిప్పు నోట్లో ఎట్టుకుని నలబై ఏళ్లయినాది. నా పెదిమి కాలిందేటి, నాలిక కాలిందేటి? పొగ మనిసినేటి సేత్తాదే?" అంది.

"నోట్లో పొగ వేరు, జీడి పొగ వేరు నానమ్మా."

"దీనికి కూడా పైత్యం ఎక్కీసినాది" అంది నానమ్మ.

మా భాషలో ఉన్న కష్టమే అది. పైత్యం అంటే రోగమూ పైత్యమే, ఎదురు మాట్లాడితే అదీ పైత్యమే. రెంటికీ మందు ఒకటే. మర్నాడు పొద్దున్న నా ముక్కు కూడా పట్టుకున్నారు. ఆ ఆముదం జిడ్డు నాలిక మీద నుంచి పోవడానికి చింతపండు ఎంత చప్పరించానో! తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదించగలరు?

అయినా నేను ఊరుకోలేదు. అప్ప పథ్యంలో ఉన్నప్పుడు మంగలం దగ్గర అమ్మ కూర్చునేది. అమ్మ కళ్లూ ఎర్రబడేవి, కానీ కోడలి కళ్లు ఎర్రబడితే ఏడ్చిందనుకునేవారే తప్ప ఎవరూ మందిచ్చేవారు కాదు. అందుకని రుజువు నా కళ్లతోనే చూపించాలనుకున్నాను. ఒకరోజు అమ్మ నీళ్లకు పోయినప్పుడు కర్ర తీసుకుని నేనే పొయ్యి ముందు కూర్చున్నాను. ఎంతసేపని? ఒక్క మంగలం దింపేసరికి ముక్కూ కళ్లూ ఏకమై, ప్రపంచం కనపడక, పిక్కలన్నీ బొగ్గు చేసి నానమ్మ ముందుకు పరిగెత్తాను. "చూడు! నిన్న నా కళ్లు బాగున్నాయి. ఇవాళ పొగలో కూర్చున్నాను, ఎర్రబడ్డాయి. ఇప్పటికైనా నమ్ముతావా?" అన్నాను ఆయాసపడుతూ. నానమ్మ నా రెప్పలు వేళ్లతో తడిమింది. వేడిగా తగిలాయి కాబోలు, ఆవిడ మొహం పాలిపోయింది. అమ్మను కేకేసి చెప్పింది కదా, "అమ్మోలమ్మో, ఇది మన వొంసంలోనే ఉన్నాది! సిన్నదానికి కూడా దిగీసినాది. రేపట్నించి ఇద్దరికీ పట్టించీ!"

ఆ రోజు నేను తల గోడకేసి కొట్టుకున్నాను. అలంకారానికి అనడం లేదు, నిజంగానే కొట్టుకున్నాను. బొప్పి కట్టింది.

ఆ మరుసటి ఏడు వేసవిలో జరిగింది ఆ సంగతి. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. మంగలంలో ఒక పిక్క ఠప్పున పేలి, మరిగే జిడ్డు అప్ప కుడి కంట్లో పడింది. అప్ప అరవలేదు, కర్ర వదిలేసి రెండు చేతులతో మొహం మూసుకుని ఇసుకలోకి వాలిపోయింది. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. నానమ్మ నా అడుగుల చప్పుడు విని, "ఏడి కంట్లో సన్నీళ్లు పోత్తే గుడ్డు పగిలిపోద్ది!" అని చెయ్యి విసిరింది. చెంబు దొర్లిపోయింది, నీళ్లు ఇసుక తాగేసింది. నేను అరుస్తున్నాను, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు అప్పే, ఇసుకలో పడి ఉన్న అప్పే అంది: "నానమ్మా, ఆముదం ఇచ్చీ. తాగీసి పడుకుంతాను."

నాకు అప్ప మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇదేం మనిషి! దీని కోసం నేను తల బొప్పి కట్టించుకుని, ఆముదం తాగి, నోరు నొప్పి పుట్టేలా వాదిస్తే, ఇదే పోయి వాళ్లలో చేరిందే! ఆ మూడు రోజులూ దానితో మాట్లాడలేదు. మూడు రోజులు పది రోజులయ్యాయి. మరో రెండుసార్లు కార్జం కడిగారు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు, మనిషి ఎండు పుల్లయింది, కంట్లో తెల్లగా పువ్వు వేసింది. ఆ మాఘంలో ఆ కన్నుతోనే కాపురానికి వెళ్లింది. నానమ్మ పోయేదాకా, "ఆ రోజు సీకటితో ఇంకో గిద్దెడు పట్టుంటే దక్కీది" అంటూనే ఉంది.

ఇప్పుడు మా పెరట్లో ఆ పందిరి లేదు, పొయ్యి రాళ్లు లేవు. మంగలం అంటే మా మనవలకు తెలియదు. జీడి పిక్కలతో ఆడే పిల్ల ఒక్కర్తీ కనపడదు. పిక్కలు బస్తాలకెత్తి కార్ఖానాలకు పోతున్నాయి. మొగలి పొదలు నరికేశారు. అడ్డచుట్ట కాల్చే ముసలమ్మ ఊరికి ఒకరో ఇద్దరో. రంగం ఓడలూ ఏనాడో ఆగిపోయాయి.

మొన్న అప్ప చూడ్డానికి వచ్చింది. అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తూ, ఒక కన్నుతోనే ఈనెలు ఏరుతోంది. చూస్తూ ఉంటే నా పాత కసంతా లేచింది. "నానమ్మ మూర్ఖత్వం వల్ల నీ కన్ను పోయిందప్పా. పొగరా మొర్రో అని నేను మొత్తుకుంటే ఒక్కరైనా విన్నారా? నువ్వైనా నా మాట వినలేదు" అన్నాను.

అప్ప దూయడం ఆపలేదు. "పొగని నాకు తెల్దేటే? అక్కడ కూకున్నది నాను."

"తెలిసి ఎందుకు తాగావు? అడిగి మరీ తాగావే!"

"తాగితే మూడ్రోజులు మంగలం కాడికి పిలవరు గదే. పొగని నానమ్మ నమ్మీసిందనుకో, పని మానిపించీత్తాదేటి? పొయ్యిని గాలివాటం సూసి ఇంకో పక్కకి మార్సి, మళ్లీ నన్నే కూకోబెట్టీది. ఆ మూడ్రోజులు కూడా పోయీవి. నువ్వు పొగ పొగ అని గోల సేసినప్పుడల్లా నాకు గుండి దడదడలాడీది, ముసిల్ది ఎక్కడ నమ్మీత్తాదోనని."

అప్ప ఒక రెమ్మ దులిపి పక్కన పడేసి, "అమ్మకీ తెల్సు. ఆముదం గిన్ని నోటి కాడ ఎట్టి, తాగీ తల్లీ, మూడ్రోజులు పడుకుందువు, నాను సూసుకుంతాను అని సెవిలో సెప్పీది" అంది.

ఆ ఇంట్లో సంగతి తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే అనుకుని ఇన్నేళ్లూ విర్రవీగాను. తెలియంది నానమ్మకీ నాకే. నానమ్మ మీద కోపం అలాగే ఉంది, కానీ ఇప్పుడది ఒక్క నానమ్మ మీదే నిలవడం లేదు. కడుపు కడిగించుకుంటే తప్ప పదమూడేళ్ల పిల్లకు మూడు రోజులు పడుకునే వీలు లేని ఇల్లు మాది.