కుంకుమ బొట్టు మీద గీత

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గు గనిలో పనిచేశాడు. లోపల చనిపోయినవాళ్ల అడుగుల చప్పుడు వినిపిస్తుందని ఆయన తోటివాళ్లు చెప్పుకునేవారు. బాపు మాత్రం "గాలికి చప్పుడైతది, గంతే" అని కొట్టిపారేసేవాడు. ఆయన బిడ్డనే నేను. పైగా చదివింది జంతుశాస్త్రం. ఎవరైనా దయ్యాలనీ మహిమలనీ మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం. ఇది కూడా మహిమ అని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల మధ్యలో కరీంనగర్‌లో ఒక కాలేజీలో పరిశోధన చేసేదాన్ని. బాపుకు వారం వారం షిఫ్టు మారేది. రాత్రి షిఫ్టు పడ్డ వారం పగలు నిద్ర పట్టక మనిషి సగమయ్యేవాడు. రాత్రిని పగలు చేస్తే ఒంటికి అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుందో తెల్ల చుంచెలుకల్లో చూడాలనుకున్నాను.

మా సారుది ఒకటే పట్టు. ఎలుకను చేత్తో పట్టుకుంటే మనకు కనిపించేది దాని భయమే, దాని ఇంట్లో దాన్ని వదిలేసి చూడాలి అనేవారు. అందుకని ఆరు బోన్లు, బోనుకొక ఎలుక, అది ఎక్కి పరుగెత్తడానికి ఒక చిన్న చక్రం. చక్రం ఒకసారి తిరిగితే పక్కనున్న మిషన్‌లో ఆ బోను పెన్ను ఒక గుర్తు పెడుతుంది. పెన్నుల కింద కాగితపు చుట్ట రాత్రీపగలూ మెల్లగా కదులుతూనే ఉంటుంది. మనిషితో పనిలేదు. పొద్దున వెళ్లి చదువుకోవడమే.

బోన్లు కడిగి, మేత, నీళ్లు పెట్టడానికి రాజయ్య ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. దసరా వెళ్లిన వారంలో అతన్ని పర్మినెంట్ చేసే కాగితం ప్రిన్సిపాల్ దగ్గరికి పోవాలి. దాని మీద మా సారు మంచిమాట రాయాలి. వాళ్ల ఇల్లంతా ఆ కాగితం మీదే ఆశ పెట్టుకుంది.

దసరాకు మూడు రోజుల ముందు ఎలుకల గదిలో లైట్ల వేళలు తారుమారు చేశాను. మరునాడే బతుకమ్మకని ఇంటికి బయలుదేరాను. మేత ఎంత పెట్టాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో రాజయ్యకు చెప్పాను. మిషన్ ముట్టుకోవద్దన్నాను. అది ఏం పని చేస్తుందో మాత్రం చెప్పలేదు. చెప్పాలని నాకు తోచనే లేదు.

దసరా అయిన రెండో నాడు పొద్దున పదింటికి వచ్చి తలుపు తీశాను. మిషన్‌కు బంతిపూల దండ, నుదురున్నట్టు ముందు భాగాన పెద్ద బొట్టు. ప్లగ్గు ఊడదీసి బల్ల మీద జమ్మి ఆకుల పక్కన పెట్టి ఉంది. ప్లగ్గు మూడు కాళ్లకూ కుంకుమ. పెన్నులు కదలడం లేదు.

"ఏంది రాజన్నా ఇది?"

"ఆయుధపూజ బిడ్డా. పండుగనాడు గూడ దీనితోని పని చేయిస్తమా? కడిగి, తుడిచి, కాయిదానికి గూడ పెన్నుల కాడ బొట్టు పెట్టిన. జర ఆరాం ఇద్దామని కరెంటు తీసిన. తెల్లారి మల్ల పెడ్దామంటే, ముట్టొద్దన్నవు గదా, భయమైంది."

నాకు ముక్కు మీదే కోపం. కరెంటు లేకపోతే పెన్ను కదలదు, కాగితం జరగదు. అలవాటు మారే రోజులు సరిగ్గా అవే. నెలల పని బూడిదలో పోసిన పన్నీరైందని నోరు పారేసుకున్నాను. చదువు లేనోళ్లకు లాబ్ అప్పజెప్పడం మాదే బుద్ధి తక్కువ అని కూడా అన్నాను. రాజయ్య భుజం మీది తువ్వాలతో తడి లేని చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను అక్కడే కూర్చుని, ఇతను ఈ పనికి తగడని ఒక ఉత్తరం రాసి సారు గదిలో ఇచ్చి వచ్చాను.

సారు ఆ ఉత్తరం చేతిలో పట్టుకునే వచ్చారు. "ఏది, చుట్ట తియ్యి. ఏడిదాంక రాసిందో చూద్దాం."

చుట్ట విప్పి పొడుగు బల్ల మీద పరిచాం. రాజయ్య పెట్టిన బొట్టు కనిపించింది. రాత అక్కడ ఆగిపోవాలి. ఆగలేదు. ఆరు పెన్నుల గుర్తులూ బొట్టు దాటి పోయాయి. రెండో పెన్ను రాత సరిగ్గా బొట్టు మీది నుంచే పోయింది. పైన నల్ల సిరా, కింద ఎర్ర కుంకుమ. అంటే బొట్టు పెట్టిన తర్వాతే గీసింది. స్కేలు పెట్టి కొలిచాను. బొట్టు తర్వాత సరిగ్గా రెండు రోజుల కాగితం నడిచింది.

సారు రాజయ్య వైపు తిరిగి, మధ్యలో ప్లగ్గు పెట్టి తీశావా అని అడిగారు. అవునంటే చాలు, రాత చెల్లుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. అది అతనికీ తెలుసు.

"లేదు సారు. నేను పెట్టలే. అబద్ధమెందుకు?"

పెట్టి ఉంటే ప్లగ్గు కాళ్ల మీది కుంకుమ చెదిరి ఉండాలి. చెదరలేదు. గోడకున్న ప్లగ్గు రంధ్రాల దగ్గర ఎర్రటి మరక కూడా లేదు. గది తాళాలు రెండే. ఒకటి నాతో నస్పూర్ వచ్చింది, ఇంకొకటి రాజయ్య మొలతాడుకు ఉంది. ప్లగ్గు కాళ్లు తుడిచి, పెట్టి, నేనే మళ్లీ పీకి చూశాను. మిషన్ తక్షణం ఆగిపోయింది.

సారు నా ఉత్తరం ముందుకు చాపి, "తప్పయితే చేసిండు. గా తప్పుకు మిషనే శిక్ష వెయ్యలే. మనమెందుకు వెయ్యాలె?" అన్నారు. నేను ఉత్తరం తీసుకుని చింపేశాను. సిగ్గుతో రాజయ్య ముఖం చూడలేకపోయాను.

కరెంటు లేని రాత మీద మాత్రం సారు సంతకం పెట్టనన్నారు. న్యాయమే. దీపావళి తర్వాత మళ్లీ మొదటి నుంచి చేశాం. ఈసారి ఆ మిషన్ ఏం రాస్తుందో రాజయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. నాలుగు రోజులు తిరక్కుండానే, "రెండోది రాత్రి మస్తు ఉరికింది బిడ్డా" అని నాకే చదివి చెప్పేవాడు. ఫలితం ఏమిటంటే, ఐదు ఎలుకలు నాలుగో రోజుకు కొత్త వేళలకు అలవాటుపడ్డాయి. రెండో బోనుది ఒక రోజు ఆలస్యం. దసరా కాగితం మీద ఉన్నదీ అదే.

రాజయ్య పర్మినెంటయ్యాడు. ఆ కబురు వచ్చిన రోజు బూందీ పొట్లం తెచ్చి, ముందు మిషన్ దగ్గర పెట్టి, తర్వాతే మాకు పంచాడు. కరెంటు లేకుండా ఆ రాత ఎలా జరిగిందంటావని అతన్ని ఒకసారి అడిగాను.

"ఎలుకలకు పండుగ తెల్వదు గదా బిడ్డా, ఉరుకుతనే ఉన్నయి. ఎవరో ఒకరు రాయాలె గదా" అని నవ్వాడు.

బొట్టున్న ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కుంకుమ వెలిసింది, గీత వెలవలేదు. ఆ రెండు రోజులు పెన్ను ఎట్లా నడిచిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. దయ్యాలను ఇప్పుడూ నమ్మను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు కాగితం ఖాళీగా ఉండుంటే, ఆ ఉత్తరం నేను వెనక్కి తీసుకునేదాన్ని కాదు.