ఉప్పు ఏ వైపు

పులివెందుల హైస్కూలులో సైన్సు గది అటెండరు దస్తగిరి, పన్నెండేళ్లు ఒకే ప్రయోగాన్ని తన చేతులతో సిద్ధం చేశాడు. దాంట్లో సగమే చూశాడు.

ఏటా బడి తెరిచిన కొత్తలో అతను కటికంగడికి పోయి మేక మూత్రాశయం అడిగి తెచ్చేవాడు. ఇంట్లో భార్య జానీబీ దాన్ని బూడిదతో తోమి, గాలి ఊది, నీడన ఆరబెట్టేది. దూదేకుల ఇంట పుట్టిన మనిషి. పల్చని దాన్ని చిరగకుండా పట్టుకోవడం ఆమె చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. "మీ అయ్యవారికి అన్నీ తెల్సు గానీ, ఇది కడగను మాత్రం జానీబీనే కావల్ల" అని నవ్వేది.

సైన్సు అయ్యవారు గురురాజారావు ఆచారవంతుడు. ఆ తోలును తాకడు. బల్లకు నాలుగడుగుల దూరాన నిలబడి పాఠం చెప్పేవాడు. గాజు గరాటు మూతికి ఆ పొరను బిగించి, లోపల చిక్కటి ఉప్పునీళ్లు పోసి, మంచినీళ్ల గిన్నెలో బోర్లించేది దస్తగిరే. గంట గడిచేసరికి గరాటు గొట్టంలో నీళ్లు వేలెడెత్తు ఎక్కేవి. ఈ పొర అన్నిటికీ ఒకేలా దారివ్వదనీ, నీటిని పోనిచ్చినంత తేలిగ్గా ఉప్పును పోనివ్వదనీ, అందుకే ఉప్పున్న చోటికి నీళ్లు వస్తాయనీ, మన ఒంట్లో ప్రతి కణానికీ ఇటువంటి పొరే ఉందనీ అయ్యవారు చెప్పేవాడు. తలుపు దగ్గర నిలబడి దస్తగిరి ఏటా విన్నాడు.

పుస్తకంలో రెండో భాగం కూడా ఉంది. ఉప్పును గిన్నెలో, మంచినీళ్లను గరాటులో పోసి చూడమని. పరీక్షలో అడగరు గనుక గురురాజారావు దాన్ని ఏనాడూ చేయించలేదు. పొరను కట్టేవాడికి ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, పీర్ల పండుగ వెళ్లిన వారానికి ఊళ్లో కలరా దిగింది. ఒకనాడు తెల్లవారుతూనే జానీబీ వాంతులు, విరేచనాలతో మంచం పట్టింది. పొద్దెక్కేసరికి కళ్లు లోతుకు పోయాయి, వేళ్ల చర్మం ముడతలు పడింది. ఎక్కించడానికి సెలైను సీసాలు అయిపోయాయనీ, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ కాంపౌండరు చెప్పాడు. దారిలో పెన్న నిండుగా పారుతోంది. మర్నాడు తెల్లారేవరకు బస్సు కదలదని బస్సు దగ్గర చెప్పారు. అంటే, తెల్లారేవరకు ఆమె ఒంట్లో నీళ్లు నిలపాలి.

వాంతులవుతుంటే చుక్క నీళ్లు కూడా పట్టొద్దని పొరుగింటి ఖమ్రున్నీసా హెచ్చరించింది. దస్తగిరికి గరాటు గుర్తొచ్చింది. బడిలో కలిపే కొలతకే, చెంబు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేశాడు.

ఒక గుక్క తాగి జానీబీ మొహం చిట్లించింది.

"ఇంత ఉప్పు ఏందయ్యా?"

"తాగు. ఉప్పు యాడుంటే నీళ్లు ఆడికే వస్తాయి. పన్నెండేండ్లు సూసినా."

"నేను కడిగిన దాంట్లోనే గదా సూసింది" అంది ఆమె. అందుకే నమ్మింది. తాగింది.

తాగిన కొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. ఉప్పు చాలలేదనుకున్నాడు. ఇంకో గుప్పెడు వేశాడు. మధ్యాహ్నం దాటాక ఆమె ఉత్త నీళ్లు అడిగింది, ఒక్క గుక్క చాలంది. అతను ఇవ్వలేదు. ఉప్పునీళ్ల చెంబే మళ్లీ పెదవులకు ఆనించాడు. సాయంత్రం అసర్ నమాజుకు అజా వినబడే వేళకు జానీబీ నాడి అందలేదు.

పదిరోజుల తర్వాత దస్తగిరి బడికి వచ్చాడు. గురురాజారావు నాలుగు ఓదార్పు మాటలు చెప్పి, ఆ ఏటి పాఠం మిగిలే ఉందని గుర్తు చేశాడు. ఈసారి తోలును దస్తగిరే కడిగాడు. రెండు చిరిగాయి. మూడోది నిలిచింది. దాన్ని గరాటుకు కడుతూ తలెత్తకుండా అడిగాడు.

"సామీ, ఉప్పు గిన్నెలో పోస్తే?"

"గరాటులో నీళ్లు దిగిపోతాయి. పుస్తకంలో ఉందిగా."

"పేగు గూడా పొరేనా సామీ?"

"పొరే. దానికీ ఇదే లెక్క. ఎందుకు?"

"ఊరికే."

ఆ రోగం వచ్చినవాళ్లలో బతికి బట్టకట్టిన వాళ్లు ఆ రోజుల్లో తక్కువే. చెంబులో ఏమున్నా జానీబీ దక్కేది కాదేమో. ఆ మాట ఊరంతా అతనికి చెప్పింది. ఆమె చివరికి అడిగింది ఏమిటో ఊరికి తెలియదు.

ఆనాడు పిల్లలకు గరాటు ఎప్పటిలాగే పెట్టాడు. అందరూ వెళ్లాక గరాటు కడిగి మంచినీళ్లు పోసి, ఉప్పును గిన్నెలో కలిపి, గొట్టం మీద నీళ్ల మట్టానికి దారంతో గుర్తు కట్టి ఎదురుగా కూర్చున్నాడు. తాళం వేయడానికి వచ్చిన గురురాజారావు గుమ్మంలోనే ఆగాడు. ఇన్నేళ్లలో మొదటిసారి బల్ల దాకా వచ్చి వంగి చూశాడు.

నీళ్లు దారానికి కిందకు దిగి ఉన్నాయి.

"ఇదొకటి చూపించకపోతిరే సామీ" అన్నాడు దస్తగిరి.

నీళ్లు ఇంకా దిగుతున్నాయి.