జూబ్లీహిల్స్ పచ్చికలో ఉక్కు ముద్ద

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మే వీలున్న వృత్తి కాదు నాది. సినిమాలకు స్టిల్స్ తీస్తాను. తెల్లచీర దయ్యాలు తాడు మీంచి దిగొచ్చి, జుట్టు ముడేసుకుని, పెరుగన్నంలో ఆవకాయ నంజుకోవడం ఫిల్మ్‌నగర్‌లో ఎన్నోసార్లు చూశాను. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంటుంది. సిగ్గుకన్నా కోపం ఎక్కువగా వస్తుంది.

నాకు పాత ఫ్యాక్టరీల పిచ్చి. ఖాళీ దొరికితే మూతపడ్డ ఉక్కు కార్ఖానాల్లో కెమెరా వేసుకుని తిరుగుతాను. స్టిల్స్ తీసేవాణ్ణి స్టీలు తీయడం మొదలుపెట్టాక పేరులో ఒక దీర్ఘం పెరిగింది గానీ, సంపాదన హ్రస్వంగానే ఉండిపోయింది.

కొన్నేళ్ల కిందట ఒక నిర్మాత, ఫైట్లకు పనికొస్తుందేమో చూసి ఫోటోలు తెమ్మని నన్ను తన పాత ఉక్కు ఫ్యాక్టరీకే పంపాడు. సినిమాల్లోకి రాకముందు దాన్ని నడిపింది ఆయనే. రేకుల చిల్లుల్లోంచి ఎండ పడి, చల్లారిన కొలిమి నోట్లో తుప్పు దానిమ్మ గింజ రంగులో మెరుస్తోంది. ఒక మూల పెద్ద ఉక్కు ముద్ద. కరిగిన ఉక్కు మోసే గంగాళంలోనే గడ్డకట్టి మిగిలిపోయిందట. గొలుసు కొక్కెం ఒకటి అందులో బిగుసుకుపోయి, మడిచిన మోచేయిలా పైకి లేచి ఉంది. నేను తీసిన ఫోటోల్లో అంత అందమైనది మరొకటి లేదు.

నిర్మాతకూ నచ్చింది. ఫోటో చాలక ముద్దనే లారీలో తెప్పించి, జూబ్లీహిల్స్ ఆఫీసు ముందు పచ్చికలో అలంకారంగా పెట్టించాడు.

సినిమా పూజ రోజు పొద్దున సన్నటి వాన. పచ్చిక తడిసింది, కుర్చీలు తడిశాయి, ఫోటోలు తీయడానికి వెళ్లిన నేనూ తడిశాను. ముద్ద మాత్రం పొడిగా ఉంది. లెన్సు మూత దాని మీద పెట్టి, కెమెరా తుడుచుకుని చూసేసరికి ఆ ప్లాస్టిక్ మూత అప్పడంలా వంకర తిరిగింది. అరచెయ్యి ఆనించాను. చుర్రుమంది. కింద లైట్లేమైనా పెట్టారా అని లైట్‌మన్‌ను అడిగితే, వైరు చుట్ట ఇంకా వ్యాన్‌లోనే ఉందన్నాడు. ప్రొడక్షన్ మేనేజర్ నన్ను వేళాకోళం చేస్తూ తనూ వేలు పెట్టి, చప్పున నోట్లో పెట్టుకున్నాడు.

భోజనాలవాళ్ల వెంట గిన్నెలు తోమడానికి రహమత్ నగర్ నుంచి సత్తెమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆ కొక్కెం చూడగానే చేతిలో బకెట్ కింద పెట్టేసింది.

"దీన్ని గీడికెవ్వలు తెచ్చిండ్రు? మా ఇంటాయన గిండ్లనే ఉన్నడు."

తర్వాత ఆమె చెప్పింది విని పూలు కడుతున్నవాళ్లు కూడా చేతులు ఆపేశారు. ఆమె భర్త ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ కరిగిన ఉక్కులో పడిపోయాడు. తీయడానికి ఏమీ మిగల్లేదు. అలా జరిగితే ఆ ఉక్కును ఊచలుగా పోయకుండా ముద్దగానే చల్లార్చి, మనిషికి బదులు పూడ్చడం అక్కడి పనివాళ్ల ఆనవాయితీ. తోటివాళ్లు పట్టుబట్టి పోత ఆపించారు, ఆమెను పిలిపించి ముద్దను చూపించారు. యజమాని మాత్రం పూడ్చనివ్వలేదు. పూడిస్తే చావు ఒప్పుకున్నట్టే కదా! మనిషి పని వదిలేసి పారిపోయాడన్నాడు. ఎవతెతోనో లేచిపోయాడని బస్తీలో నవ్వుకున్నారు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో కూడా ఆమెకు తెలియకుండా చేశారు.

నిర్మాత పట్టుపంచెలో బయటికొచ్చాడు.

"ఏంటమ్మా, శుభమా అని పూజ చేసుకుంటుంటే ఈ గోల? మీ ఆయన పారిపోయాడని అప్పుడే చెప్పాం కదా!"

"పారిపోయినోడు మీ ముంగటికే వచ్చిండు సార్. జర చెయ్యి పెట్టి సూడున్రి."

ఆయన పెట్టలేదు. ఆమె పెట్టింది. వద్దు వద్దని మేం అరుస్తుండగానే రెండు చేతులూ ఆనించి, చెంప కూడా ఆనించింది. ఏమీ కాలేదు. మెల్లగా వాన చినుకులు ముద్ద మీద నిలవసాగాయి. నేను మళ్లీ తాకాను. వానలో ఏ ఇనుమైనా ఎలా ఉంటుందో అలా, చల్లగా ఉంది.

"గిది నాకియ్యున్రి సార్. మన్నుల పెట్టుకుంట."

నిర్మాత వినిపించుకోనట్టు పూజ పీటల వైపు తిరిగాడు. లైట్‌మన్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. కొబ్బరికాయ పట్టుకున్న పూజారి, ముహూర్తం దాటిపోతోందని గొణిగాడు. నిర్మాత మొహం అప్పుడు పాలిపోయింది.

"తీసుకుపోండయ్యా బాబూ, ముందు ఇక్కణ్ణించి తీసుకుపోండి!"

మనిషి చనిపోయాడంటే కదలనివాడు ముహూర్తం పోతుందంటే కదిలాడు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ నా ఒళ్లు మండుతుంది.

షేక్‌పేట వైపు శ్మశానంలో, మా కెమెరా క్రేన్ నడిపే కుర్రాళ్లే గొలుసులు కట్టి దాన్ని గోతిలోకి దించారు. మన్ను వేసేదాకా సత్తెమ్మ ఏడవలేదు. వేశాక ఎవరూ ఆపలేకపోయారు.

తెలిసిన ఉక్కు ఇంజినీరు ఒకాయన్ని అడిగాను. ఏళ్ల కిందట చల్లారిన ఉక్కు తనంతట తాను వేడెక్కదన్నాడు. ఆ పొద్దున ఎండ లేదు, నిప్పు లేదు, కరెంటు లేదు. ఆ ఇనుము ఎందుకు వేడెక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని పక్కనే పట్టుపంచెలో నిలబడ్డ మనిషి ఎందుకు వేడెక్కలేదో అంతకన్నా తెలియదు.