మా తాతను ఛీకొట్టిన ఆదివారం

చంద్రుడి మీద కనిపించే మచ్చ మా తాత తెలెస్ఫోరో కొట్టిన బేస్‌బాల్ తగిలి పడింది. అంతకు ముందు చంద్రుడు కడిగిన పళ్లెంలా ఉండేవాడు. నమ్మనివాళ్లు మా ఊరు సాంతా లీబ్రాదాకు వచ్చి ఎవరినైనా అడగండి. చక్కెర మిల్లు గేటు దగ్గర డామినోలు ఆడే ముసలివాళ్లు చేతిలో ముక్కలు బోర్లించి మరీ చెబుతారు. లా మర్గరీతా జట్టుతో ఆఖరి ఆట, ఆఖరి ఇన్నింగ్స్. మా తాత బ్యాట్ ఊపాడు, బంతి లేచింది, మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఆ ఏడు కప్పు మా ఊరికి వచ్చింది. తర్వాత మళ్లీ రాలేదు. అందుకే ఆ బంతి ఏటేటా ఇంకాస్త దూరం పోతూ ఉంటుంది.

ఆ ఒక్క దెబ్బ మీద తాత ఒక జీవితం గడిపాడు. మిల్లులో చెరకు బళ్లు తూచే పనే చేసినా, ఊళ్లో నడుస్తుంటే మేయరు నడిచినట్టే ఉండేది. అవకాడోలు వాటంతటవే మా గుమ్మంలోకి వచ్చేవి. ఎవరింట మగబిడ్డ పుట్టినా జ్ఞానస్నానం నాడు కొవ్వొత్తి పట్టుకునే జ్ఞానతండ్రి, అంటే పద్రీనో, మా తాతే. ఊరి పునీతురాలి పండుగకు ఊరేగింపు ఆట మైదానం దాకా వచ్చేది. ప్రతిమను బాదం చెట్టు నీడన దించి, తాత చేత మొదటి బంతి వేయించేవాళ్లు. తర్వాత ప్రతిమను చర్చికీ, తాతను ప్లాస్టిక్ కుర్చీకీ పంపేవాళ్లు.

"ఆవిడకీ నాకూ తేడా ఏంటే పిల్లా?" అన్నాడు నాతో ఒకసారి. "ఆవిడకి అద్దాల పెట్టె ఉంది, నాకు లేదు. అంతేగా?"

"ఆవిడ గురక పెట్టదు తాతా," అన్నాను.

పోయినేడు జట్టు వరసగా ఓడి ఓడి, ఉన్న మేనేజర్ చెప్పాపెట్టకుండా కూతురి ఊరికి వెళ్లిపోయాడు. ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో తేల్చే మనిషి లేడు. క్లబ్బు అధ్యక్షుడు కాసిమిరోకి మందుల కొట్టు ఉంది. నేను మైదానం దగ్గర రొట్టెలు వేపి అమ్ముతాను. నూనె చిట్లి చెయ్యి కాలితే మందు కోసం వెళ్లాను. అప్పటికే తాత అక్కడ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు.

"జట్టు నాకివ్వు," అంటున్నాడు.

"ఫోరో, ఈ ఊరికి నువ్వంటే ప్రాణం."

"తెలుసు. జట్టివ్వు."

"అందుకే ఇవ్వనంటున్నా. ఓడినప్పుడు జనం ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి. అందుకేగా మేనేజర్ ఉండేది? నిన్ను తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. ఎవర్నీ తిట్టకుండా ఆట చూసి ఇంటికెళ్తే వాళ్లకి అన్నం ఎలా అరుగుతుంది?"

"నేర్చుకుంటారు."

"సరే, ఇంకోటి చెప్పు. జట్టులో సగం మంది నువ్వు కొవ్వొత్తి పట్టినవాళ్లే. 'దీవించు పద్రీనో' అని ఎదురుగా నిలబడ్డవాణ్ణి పక్కన కూర్చోబెట్టగలవా?"

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. మా దగ్గర చిన్నవాళ్లు దీవెన అడిగితే, కొట్లాట మధ్యలో ఉన్నా ముందు దీవించాలి. దీవించాక తిట్టడానికి నోరు రాదు. తాతకైతే మరీ రాదు. నా బాల్యమంతా ఆ ఒక్క ఉపాయంతోనే గడిచిపోయింది.

"పండుగ ఆట ఒక్కటి ఇస్తా," అన్నాడు కాసిమిరో చివరికి. "గెలుపు నాకక్కర్లేదు. మేనేజర్ చేయాల్సిన పని చేశావా లేదా, అంతే చూస్తా. చేయలేకపోతే మళ్లీ కుర్చీలో కూర్చుంటావు, ఇక లేవవు."

ఇంట్లో అమ్మమ్మ మినియా పచ్చి అరటికాయలు ఉడకబెడుతూ అంతా విన్నది.

"ఇదిగో చూడు, మంచిగా ఉన్నప్పుడే దిగిపోయావు, పరువు మిగిలింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి మట్టిలో పొర్లిస్తానంటావేంటి?"

"ఆ పరువుతో నాకు విసుగొచ్చింది, మినియా."

"అవకాడోలు ఆగిపోతాయి."

"చెట్టు పెంచుదాం."

"నీ వయసుకి అది కాయ కాసేదెప్పుడు?"

అలా అంటూనే సూది దారం అందుకుంది. బేస్‌బాల్‌లో మేనేజర్ కూడా ఆటగాళ్ల బట్టలే వేసుకోవాలి. తాత పాత చొక్కా పొట్ట దగ్గర కలవలేదు. నా పిండి సంచి చింపి రెండు పక్కలా అతుకు వేసింది. ఆ పండుగ నాడు తాత చంక కింద పిండి కంపెనీ కోడిపుంజు బొమ్మ స్పష్టంగా కనిపించింది.

లా మర్గరీతా మీద ఆ రోజు బంతి విసిరింది విల్కిన్, తాత జ్ఞానపుత్రుల్లో అందరికన్నా గారాబం. ఆరు ఇన్నింగ్స్ దాకా వాడి బంతిని ఎవరూ గట్టిగా కొట్టలేకపోయారు. మేం మూడు రన్లు, వాళ్లు రెండు. ఏడో ఇన్నింగ్స్‌లో వాడి భుజం అలిసి కిందికి జారింది. నా మూకుడు దగ్గర నుంచి నాకే కనిపించింది. వాళ్లవాళ్లు ఇద్దరు బేస్‌ల మీదికి చేరారు.

తాత సున్నపు గీత దాటి విల్కిన్ బంతి విసిరే మట్టిదిబ్బ దగ్గరికి వెళ్లాడు. మేనేజర్ చెయ్యి చాపితే పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఆ చేతిలో బంతి పెట్టి వెళ్లిపోవాలి, అది పద్ధతి. తాత చెయ్యి చాపాడు. విల్కిన్ టోపీ తీసి తల వంచాడు.

"దీవించు పద్రీనో."

బంతి కోసం చాపిన చెయ్యి వాడి నెత్తి మీదికి పోయింది. "దేవుడు దీవించుగాక, బాబూ," అని తాత ఖాళీ చేతులతో వెనక్కి వచ్చాడు. మరుసటి బంతికే ఆ ఇద్దరూ బేస్‌లన్నీ చుట్టొచ్చి రెండు రన్లు చేశారు. వాళ్లు నాలుగు, మేం మూడు. ఊరు ఒక్క మాట అనలేదు. కొందరైతే జాలిగా చప్పట్లు కొట్టారు. వల వెనక కాసిమిరో కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తాతా, కుర్చీ తుడిచి పెట్టమంటావా?" అని గట్టిగా అడిగాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత సున్నపు గీత వైపు చూశాడు. ఒకే ఇన్నింగ్స్‌లో మేనేజర్ రెండోసారి ఆ గీత దాటి వెళ్తే పిచర్ని మార్చి తీరాలి. అది రూలు, మార్చకపోతే అంపైర్ ఒప్పుకోడు. తాత దాటాడు.

దిబ్బ మీద ఏమన్నాడో బంతి అందుకునే క్యాచర్ తర్వాత నాకు చెప్పాడు. విల్కిన్ మళ్లీ టోపీ తీశాడట.

"దీవించు పద్రీనో."

"దేవుడు దీవించుగాక. బంతి ఇలా ఇవ్వు."

"నా చెయ్యి బానే ఉంది పద్రీనో."

"నీ నెత్తిన నీళ్లు పడ్డప్పుడు కొవ్వొత్తి పట్టుకున్నది నేనే. నువ్వెప్పుడు అబద్ధమాడతావో నాకు తెలీదా? బంతి."

వాడు బంతి ఇచ్చాడు. వాడి తల్లి నెరేయిదా లేచి నిలబడింది.

"ఒరే తెలెస్ఫోరో, నా బిడ్డకి నిన్ను జ్ఞానతండ్రిగా పెట్టుకుంది నలుగుర్లో నవ్వులపాలు చేయడానికా?"

ఆ మాటతో గట్టు తెగింది. ఎవరో ఛీ అన్నారు. తర్వాత పదిమంది అన్నారు. అవకాడో తొక్క ఒకటి వచ్చి కోడిపుంజు బొమ్మ పక్కన అంటుకుంది. తాత దాన్ని తీసి వాసన చూసి, "పండింది," అని పక్కన పడేశాడు. బెంచీ ముందు నిలబడ్డాడు, ఆట అయ్యేదాకా కూర్చోలేదు.

కొత్తగా వచ్చిన పిచర్ ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. మావాళ్లు మాత్రం ఇంకొకటి చేయలేకపోయారు. ఒక్క రన్‌తో ఓడాం. ఓడించింది ఆ మొదటి దీవెనే. ఆ సంగతి తాతకు అందరికన్నా బాగా తెలుసు.

కాసిమిరో నెమ్మదిగా వచ్చాడు. "తిట్టారు," అన్నాడు.

"విన్నా. నేర్చుకుంటారని చెప్పలా?"

కాసిమిరో బ్యాట్ల సంచి తీసి తాత భుజానికి తగిలించాడు.

ఇప్పుడు మా గుమ్మంలోకి అవకాడోలు రావడం లేదు. నెరేయిదా మా ఇల్లు కనపడగానే వీధి దాటి అవతలి పక్క నడుస్తుంది. విల్కిన్ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి దీవెన అడుగుతాడు. తాత దీవించి, మైదానం చుట్టూ పరుగెత్తమని తరుముతాడు. ఈ ఏడు మొదటి బంతి వేయడానికి వేరే ముసలాయన్ని వెతుక్కున్నారు. కుర్చీ కూడా ఆయనకే ఇచ్చారు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. గడ్డం బ్యాటు పిడికి ఆనించి చివరిదాకా విన్నాడు.

"ఎలా ఉంది తాతా? చంద్రుడి ముక్క బాగుందా?"

"ఆ బంతి చెరకు తోటలో పడింది. పందులు కాసేవాడు తెచ్చిచ్చాడు. ఆ ముక్క తీసెయ్. ఛీకొట్టింది మాత్రం తక్కువ రాశావు. పదిమంది కాదే, ఊరంతా కొట్టింది, మీ అమ్మమ్మతో సహా. అది సరిగ్గా రాయి."