బెల్లపు తువ్వాల

నేను కాన్పుల డాక్టరును. బోధన్ పక్కనున్న ఆ చిన్న సర్కారు దవాఖానకు నన్ను పంపింది బిడ్డలను భూమ్మీదికి తేవడానికే తప్ప, పోయినవాళ్లు ఎందుకు పోయారో తేల్చడానికి కాదు. కానీ పెద్ద డాక్టరుగారు కూతురి పెళ్లని నెల రోజులు సెలవు పెట్టారు. ఆ నెలలో ఎవరూ అనుమానంగా చచ్చిపోకూడదని నేను రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను. దేవుడు మూడు వారాలు నా మాట విన్నాడు.

పంతొమ్మిది వందల అరవైల నడుమ, చెరుకు నరికే కాలం. ఫ్యాక్టరీకి పోగా మిగిలిన చెరుకును ఊళ్లలో గానుగాడి బెల్లం వండేవారు. గాలంతా పాకం వాసన. మా దవాఖానలో కట్టుగుడ్డలకు కూడా చీమలు పట్టేవి. ఒక పొద్దున రెంజల్ వైపు ఊరి నుంచి ఎడ్లబండి మీద శవం వచ్చింది. యాభై ఏళ్ల రైతు. ముందురోజు మధ్యాహ్నం గానుగ పక్కన పందిరి కింద పడుకున్నవాడు సాయంత్రానికి లేవలేదు. అతని మెడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గోధుమరంగు గీత ఉంది.

శవం వెంట అమీన్‌సాబ్ వచ్చాడు. ఠాణా ఎస్సైని మా వైపు అప్పటికింకా అలాగే పిలిచేవారు. మనిషి మంచివాడే కానీ, ఆయన మనసులో కేసు అప్పటికే తేలిపోయింది. చనిపోయినాయనకూ ఆయన తమ్ముడికీ ముందురోజు పొద్దున గానుగ వంతు దగ్గర తగాదా అయింది. ఎవరి చెరుకు ముందు ఆడాలన్నదే తగాదా. తమ్ముడు కోపం పట్టలేక పదిమంది ముందర "నీ గొంతు పిసుకుత" అన్నాడు. సాయంత్రానికి అన్న మెడ మీద గీత. ఇంకేం కావాలి? శవం మెడకున్న తువ్వాలను అమీన్‌సాబ్ మూటకట్టి లక్కముద్ర వేశాడు. తమ్ముణ్ణి ఠాణాలో కూర్చోబెట్టాడు. ఆయన లెక్కన నేను చేయాల్సిందల్లా సంతకం.

చనిపోయినాయనకు పిల్లలు లేరు. కొరివి పెట్టాల్సింది ఆ తమ్ముడే. మరిది రానిదే శవాన్ని కదలనివ్వనని, వాడు అట్లాంటివాడు కాదని, బండి దగ్గర కూర్చున్న భార్య తెగేసి చెప్పింది. నేను 'గొంతు బిగించి' అని రాస్తే ఆ తమ్ముడి మెడకు ఉరితాడు పడుతుంది. చదువుకునేటప్పుడు తప్ప నేను శవాన్ని కోసింది లేదు. భయపడ్డాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

శవాల గదిలో పనిచేసే పెద్దాయన ఒక్కడే నాకు ధైర్యం. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు, మిగతా రోజులు కోత బల్ల పక్కన అవే పాటలు సన్నగా పాడేవాడు. నేను కిటికీలో పుస్తకం తెరిచిపెట్టుకుంటే, పేజీలు ఎగరకుండా దాని మీద గుండ్రాయి పెట్టాడు. నవ్వును మాత్రం దాచుకోలేకపోయాడు.

ప్రాణమున్న మనిషి మెడ బిగిస్తే ముఖం కమిలి ఉబ్బుతుంది. కంటి తెల్లగుడ్డులో ఎర్రచుక్కలు లేస్తాయి. చర్మం కింద కండలో నెత్తురు గడ్డకడుతుంది. ప్రాణం పోయాక ఎంత గీరినా కండలోకి నెత్తురు ఇంకదు. మెడను పొరపొరగా విప్పి చూశాను. ఎక్కడా నెత్తుటి మరక లేదు. నాలుక మొదట్లో లాడంలా ఉండే చిన్న ఎముక చెక్కుచెదరలేదు. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. గుండె విప్పాక అసలు సంగతి తెలిసింది. దానికి నెత్తురు తెచ్చే నాళం ఒకటి పూడుకుపోయింది. కండ మీద పాత తెల్లమచ్చ కూడా ఉంది. అంటే ఇంతకుముందే ఒకసారి నొప్పి వచ్చి ఉంటుంది. వాయువనుకుని వాము నమిలి ఊరుకుని ఉంటాడు, మా వైపు రైతులందరిలాగే.

అమీన్‌సాబ్ అంతా విని, గుండె సంగతి సరే, మరి ఆ గీత ఎవరు గీశారని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే, అందుకే నాకు ఒళ్లు మండింది. కాన్పులు చేసే అమ్మకు ఇవన్నీ ఏం తెలుస్తాయని కానిస్టేబుల్‌తో రెండుసార్లు అన్నాడు. మీరు కూడా కాన్పులోనే పుట్టారు కదా అన్నాను రెండోసారికి. ఆయన టోపీ సర్దుకున్నాడు.

అప్పుడే పెద్దాయన పాట ఆగింది. బల్ల మీద ముద్రవేసిన మూటను కానిస్టేబుల్ మాటిమాటికీ దులుపుతున్నాడు. లక్క పక్కనున్న సందులోంచి చీమలు బారులు తీరి లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. అమీన్‌సాబ్‌ను అడిగి ముద్ర తీయించి మూట విప్పించాను.

"అమ్మా, గీ తువ్వాల పాకంల నాని అట్టగట్టింది సూడు. చీమలు దీన్ని తినుకుంట తినుకుంట మెడ తోలు గూడ కొరికినయి" అన్నాడు పెద్దాయన.

భూతద్దం తెచ్చి చూశాను. అది గీతే కాదు. అన్నీ సన్నని కొరుకుళ్లు, ఎగుడుదిగుడు అంచులు, కొరికిన చోటల్లా ఎండిన తోలు. తువ్వాల ఎంతమేర తగిలిందో అంతమేరే ఉన్నాయి. నాకు గంతులేయాలనిపించింది. అమీన్‌సాబ్ మాత్రం, కోర్టులో చీమలను బోనెక్కిస్తావా అమ్మా అని నవ్వాడు.

నా మొండితనం ఊరందరికీ తెలిసిందే. ఆ పూట నా వంటకని తెప్పించిన కోడి, ఈకలు పీకి సిద్ధంగా ఉంది. పాకంలో ముంచిన గుడ్డను దాని మెడకు వదులుగా చుట్టి, దవాఖాన వెనక అరుగు మీద బుట్ట కింద పెట్టాం. పిల్లి రాకుండా మలేరియా తగ్గిన తాతొకడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. కాన్పులకొచ్చిన ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుని వచ్చి చూసిపోయారు. కోడికి కూడా పంచనామా చేస్తరా అని ఒకామె నిజంగానే అడిగింది. పెద్దాయన మాత్రం కోడిని చూసినప్పుడల్లా నిట్టూర్చాడు. ఆ కూరలో సగం అతనికి పోవాల్సింది.

నాలుగు గంటలకు చీమలు దులిపి గుడ్డ విప్పాం. కోడి మెడ చుట్టూ గోధుమరంగు గీత.

అమీన్‌సాబ్ కళ్లద్దాలు పెట్టుకుని కోడిని చూశాడు, శవాన్ని చూశాడు, మళ్లీ కోడిని చూశాడు. "మంచి కోడిని కరాబ్ చేసిండ్రమ్మా" అని, తమ్ముణ్ణి తీసుకురమ్మని కానిస్టేబుల్‌ను పంపాడు. తప్పని తేలాక మొండికేయకపోవడం ఆయనలో నాకు నచ్చింది. రిపోర్టులో కోడి సంగతి రాయొద్దని మాత్రం బతిమాలాడు. రాయకుండా ఎలా ఉంటాను!

తమ్ముడు వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. విడుదలైన సంతోషం అతని ముఖంలో లేదు. అన్నకు వచ్చింది గుండెజబ్బని, పాతదని నేను చెబుతుంటే తలూపాడు కానీ, చెవికెక్కినట్టు లేదు. బండి వైపు నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చాడు.

"అమ్మా, మా అన్న రొట్టె తిన్నడా?" అన్నాడు.

తగాదా అయ్యాక అతనికి మనసొప్పలేదట. మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు గుడ్డలో కట్టి భార్యతో గానుగ దగ్గరికి పంపాడట. అన్న పలకలేదని ఆమె పందిరి గుంజకు తగిలించి వచ్చేసిందట. సాయంత్రం చూస్తే ఖాళీ గుడ్డ కింద పడి ఉంది. దాని దగ్గర కుక్క తిరుగుతోంది. అప్పటినుంచి అతను దీన్నే అడగాలనుకుంటున్నాడు, అడగడానికి మనిషి దొరకలేదు.

కోత బల్ల మీద నేను పొట్ట కూడా విప్పి చూసే ఉన్నాను. అందులో అరగని జొన్నరొట్టె ఉంది, పచ్చిమిరప గింజలున్నాయి.

"తిన్నడు. నా కండ్లతోని సూసిన" అన్నాను.

"రెండు తిన్నడా?"

ఎన్ని తిన్నాడో పొట్ట చెప్పదు. చూడని దాన్ని చూశానని ఆ ఉద్యోగంలో అప్పటిదాకా నేను ఎన్నడూ రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

"రెండు తిన్నడు" అన్నాను.

అతను తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఆ మాట వదినకు చెప్పడానికి బండి దగ్గరికి ఉరికాడు.