చిన్నమ్మ ఆపిన జపాను బండి

"ఈ బండి ఆగదు" అని ఎవరైనా ఒక కారును గురించి చెబితే, అది పొగడ్తేనని మీరు అంత సులువుగా ఎందుకు ఒప్పుకుంటారు?

నేనూ చాలాకాలం ఒప్పుకున్నాను. శంషాబాదులో పెరిగినవారికి అది ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం. విమానాశ్రయానికి పోయే దారిపక్కన కాసేపు నిలబడితే చాలు, ఆ జపాను కంపెనీ పెద్ద బండ్లు ఒకదాని వెనుక ఒకటి తెల్లగా సాగిపోతుంటాయి. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాయవలసిన అవసరం కూడా లేదు. మా వైపు ఏడుగురు కూర్చునే బండి అంటే అదే. ఏ డ్రైవరును కదిపినా, "ఆ ఇంజను విప్పేలోపల పిల్లల పెండ్లిళ్ళయితయి" అంటాడు. ఈ మాటను పరీక్షించి చూడాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, మంఖాల్ దగ్గరి ఒక పల్లెలో ఉంటుంది. సేద్యం చేసే ఇంటికి కోడలై, ట్రాక్టరు నడపడం నేర్చుకొని, తరువాత ఆ కంపెనీ బండినే ఒకటి సెకండ్ హ్యాండులో కొని, శంషాబాదులోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో పెట్టింది. షాద్‌నగర్ ఫ్యాక్టరీల నుంచి విమానాశ్రయానికి మనుషులను చేర్చే ట్రిప్పులు ఆ ఆఫీసు ఇస్తుంది. ఆ ట్రిప్పులతోనే ఆమె ఇల్లు గడుస్తుంది. మొదట్లో తోటి డ్రైవర్లు, "అక్కా, రివర్సు వస్తదా?" అని ఆటపట్టించేవారు. "నువ్వు ముందటికి ఉరుకు తమ్మీ, నేను రివర్సులనే నిన్ను దాటుత" అనేది ఆమె. అణకువ ఆమె వంటికి పడదు. అందుకు నేను గర్వపడతాను.

సెలవు రోజుల్లో నేను ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. ప్రయాణికుడు ఒక్కడే ఉన్నప్పుడు నన్ను ముందు సీటులో కూర్చోబెట్టుకునేది; ట్రావెల్స్ ఓనరు చూసీచూడనట్టు ఊరుకునేవాడు. మా కాలేజీలో నేను వాదోపవాద పోటీల జట్టులో ఉండేదాన్ని. "వస్తువుకు మంచి పేరు తెచ్చేది తయారు చేసినవారే" అన్న ప్రతిపాదనను ఖండించే వంతు ఆ రోజుల్లో నాకు వచ్చింది. ఖండించవలసినదాన్ని ముందు క్షుణ్ణంగా తెలుసుకోవాలన్నది మా జట్టు నియమం కనుక, లైబ్రరీలో కూర్చొని ఆ కంపెనీ చరిత్ర చదివాను.

చదివినకొద్దీ ఆశ్చర్యం కలిగింది. ఆ కంపెనీ పుట్టింది కార్లతో కాదు, మగ్గాలతో. దాన్ని స్థాపించిన కుటుంబపు పెద్ద, నేసేవారి శ్రమ చూసి, ఒక్క పోగు తెగినా తనంతట తాను ఆగిపోయే మగ్గాన్ని రూపొందించాడు. తెగిన పోగుతో నేత ముందుకు సాగితే బట్ట అంతా పాడవుతుంది కదా! ఆయన కొడుకు కార్ల వైపు వచ్చాడు. తొలినాళ్ళలో వారి లారీలు దారిలో తరచు చెడిపోయేవి. కంపెనీ మనుషులే వెళ్ళి బాగుచేసి వచ్చేవారు. అమెరికాకు మొదట పంపిన కార్లు అక్కడి పొడవైన రహదారులకు తట్టుకోలేకపోతే అమ్మకం ఆపుకున్నారు. మగ్గం నేర్పిన పాఠాన్ని మాత్రం వదలలేదు. వారి కర్మాగారంలో కార్లు కూర్చే వరుస పొడవునా పైన ఒక తాడు వేలాడుతుంది. ఏ చిన్న కార్మికుడికైనా తేడా కనిపిస్తే ఆ తాడు లాగవచ్చు. సమస్య అక్కడికక్కడ తీరకపోతే వరుస మొత్తం ఆగుతుంది. ఎందుకాపావని ఎవరూ గద్దించకూడదు. ఆగదని లోకమంతా పొగిడే బండి వెనుక ఉన్నది ఆపే హక్కు.

దీన్ని నేను ఎంతో ఉత్సాహంగా చిన్నమ్మకు చెప్పాను. ఆమె స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీయకుండా విన్నది.

"దాంట్ల కొత్తేముంది బిడ్డా? బోరు ఒట్టిపోయినంక మోటరు బంద్ చెయ్యకుంటే కాలిపోతది. బంద్ చేసినందుకు ఎవరన్న తిడుతరా?"

"తిట్టరు. అదే నా వాదన కూడా."

"మరి గిదంత ఇంగ్లీషుల చదివినవా? మీ చిన్నాయననడిగితే పుణ్యానికి చెప్పెటోడు" అని నవ్వింది.

అది జరిగిన కొద్ది రోజులకే ఆ వాదన పుస్తకంలోంచి లేచి రోడ్డు మీదికి వచ్చింది.

పొద్దున షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ అధికారిని ఎక్కించుకున్నాం. పెద్దమనిషి, కోస్తా జిల్లాల మాటతీరు, పూణెలో ఆయనకు ముఖ్యమైన సమావేశం ఉంది. కొత్తూరు దగ్గర లారీల రద్దీలో చిన్నమ్మ బ్రేకు తొక్కింది. బండి నెమ్మదించింది కాని, ఆమె ముఖం మారింది. కొంచెం దూరం పోయి మళ్ళీ తొక్కింది. తరువాత గేర్లు తగ్గిస్తూ, బండిని ఎడమకు తెచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఒక టీ కొట్టు పక్కన నిలిపివేసింది.

"ఏమండీ, ఎందుకాపారు?" అన్నాడాయన.

"బ్రేకు మెత్తగ దిగుతుంది సార్. మంచిగ లేదు. ఇగ పోను."

"ఇంతసేపూ బాగానే వచ్చింది కదండీ! నాకు ఫ్లైటు ఉంది. ఈ కంపెనీ బండి ఆగదనే కదా మీ ఓనరు గారు చెప్పింది?"

"బండి ఆగలే సార్. నేను ఆపిన."

"అంటే ఇంకా కదులుతుందనే కదా?"

"కదులుతది. కదిలేదానికి పరేషాన్ లేదు సార్, ఆగేదానికే పరేషాన్."

నేను వెనక్కి తిరిగి, భద్రతను గురించి బహు చక్కని వాక్యం ఒకటి మొదలుపెట్టాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరండీ?" అన్నాడు.

"మా అక్క బిడ్డ సార్. ప్లీడరమ్మ. వాదించుడు నేర్చుకుంటుంది, జర ఓర్చుకోండ్రి" అంటూనే చిన్నమ్మ ఫోన్ తీసింది. మా వెనుకనే ఖాళీగా వస్తున్న తోటి డ్రైవరు ఒకడు కొంతసేపటికి తన చిన్నకారుతో వచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందక్కా, జపాను రాణి అలిగిందా?" అన్నాడు. "నీ డబ్బాల సారును జల్ది దించిరా పో. నా రాణి ముచ్చట నీకెందుకు?" అన్నది చిన్నమ్మ. పెద్దమనిషి విసుగ్గా పెట్టె తీసుకొని ఆ కారెక్కాడు.

ఆయన చేరుకునేసరికి చెక్-ఇన్ కౌంటరు మూసేశారు. విమానం తప్పింది. తరువాతి విమానంలో వెళ్ళాడు. వెళ్ళేముందు ట్రావెల్స్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఇటువంటి డ్రైవరును ఇకమీదట పంపవద్దని గట్టిగా చెప్పాడు. ఆయన కోపాన్ని నేను తప్పుపట్టను. ఆయన నష్టం నిజమైనదే. అయితే ఆ ఒక్క ఫోనుతో చిన్నమ్మ బతుకుదెరువు ప్రమాదంలో పడింది.

కాటేదాన్ నుంచి ఆమె పాత మెకానిక్కు ఒకాయన సామాను సంచితో స్కూటరు మీద వచ్చాడు. అందరూ ఉస్తాద్ అంటారు. చక్రం విప్పి, బ్రేకు ఆయిలు పోయే రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో వంచి చూపించాడు. పాతబడి పగుళ్ళిచ్చింది, చుట్టూ తడి.

నేను ఆత్రంగా అడిగాను: "ఇంకొంచెం దూరం పోతే ప్రమాదం అయ్యేదే కదా ఉస్తాద్?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఏం చెప్పాలె బేటీ? ఇంకో నాలుగు దినాలు నడిస్తే నడుస్తుండె. లేకుంటే ఎయిర్‌పోర్టు దాకా కూడ పోకపోతుండె. అల్లాకు మాలూమ్."

నాకు నిరాశ కలిగిందని ఒప్పుకోవాలి. వాదించేవారికి రుజువు కావాలి. "ఆమె ఆపకపోతే మనుషులు పోయేవారు" అని ఒక్క మాట చెప్పగలిగితే నా పక్షం గెలిచినట్టే. ఆ మాట నాకు దక్కలేదు. కొత్తూరు టీ కొట్టు ముందు నిలబడి ఆలోచిస్తే తోచింది: ఆపే హక్కు తరువాత దొరికే రుజువు మీద నిలబడితే, అది హక్కే కాదు. మగ్గం పోగు తెగినప్పుడు ఆగుతుంది. బట్ట పాడయిందని తేలేదాకా కాచుకోదు.

బండిని అక్కడే ఉస్తాద్‌కు అప్పగించి, ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సులో శంషాబాదు ఆఫీసుకు వెళ్ళాం. ఓనరు బల్ల వెనుక కూర్చున్నాడు. అతని తల మీద గోడకు "మా బండి ఆగదు" అని పెద్ద ఎర్ర అక్షరాల బోర్డు. ట్రిప్పు కోసం కాచుకున్న డ్రైవర్లు కొందరు బెంచీ మీద ఉన్నారు.

"ఏందక్కా గిట్ల చేసినవ్? ఆ కంపెనీ పేరు మీదనే నాకు గిరాకీ. సగం తొవ్వల దించితే పేరు ఉంటదా? ఇగ నీకు ఎయిర్‌పోర్టు డ్యూటీలు బంద్."

చిన్నమ్మ నా వైపు చూసింది. అది అనుమతి అని అర్థం చేసుకున్నాను. మగ్గం సంగతి, తాడు సంగతి, అమెరికాలో ఆపుకున్న అమ్మకాల సంగతి వరుసగా చెప్పాను. ఆ కంపెనీకి పేరు తెచ్చినది ఆగకపోవడం కాదని, సమయానికి ఆపడమేనని ముగించాను. ఓనరు తెలివిగలవాడు. మొత్తం విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ గని చెల్లే, మగ్గం ఆపితే బట్ట ఆగుతది. బండి ఆపితే మనిషి ఆగుతడు. రెండు ఒక్కటేనా?"

"ఒక్కటి కాదన్నా. బట్ట పాడైతే మళ్ళ నేయొచ్చు."

అతడు చిన్నమ్మ వైపు తిరిగాడు. "సరే. రేపటి సంది ప్రతి ఒక్కడు గిట్లనే ఆపితే నా గతేందక్కా?"

"ఎవ్వడు ఆపకుంటే నీ గతేందన్నా?" అన్నది చిన్నమ్మ.

బెంచీ మీది నుంచి ఒక డ్రైవరు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఒక మాట చెప్త, తిట్టొద్దు. మొన్న నాకు కండ్లు మూతలు పడుతున్నా బండి ఆపలే. నువ్వు ఫోన్ల తిడుతవని."

"మొన్ననా?" ఓనరు లేచి నిలబడ్డాడు. "మొన్న నువ్వు తోల్కపోయింది మా అత్తమ్మను కదరా!"

"అందుకే ఆపలేదేమో, ఓనరు మనసు తెలిసినోడు" అన్నాడు ఇంకొకడు. ఆఫీసంతా గొల్లుమంది. ఓనరు కూడా నవ్వు ఆపుకోలేక కూర్చున్నాడు. చివరికి, "పైపు మార్పిచ్చుకో పో. తర్వాత చూద్దాం" అన్నాడు. "చూద్దాం" అంటే ఇస్తాననో ఇవ్వననో మా ఇద్దరికీ తెలియదు.

మరునాడు పొద్దున ఆమె ఇంట్లో టీ తాగుతుండగా ఫోన్ మోగింది. ఓనరు గొంతు నాకు కూడా వినిపించింది.

"అక్కా, షాద్‌నగర్ పికప్ ఉంది. ఎయిర్‌పోర్టుకు. పోతవా?"

"బండి ఇంక ఉస్తాద్ దగ్గరనే ఉందన్నా. ట్రై చేసి చూసినంకనే తీస్త. ఇయ్యాల కాదు, రేపు."

"సరే, రేపే పో."

ఫోన్ పెట్టి ఆమె టీ పూర్తిగా తాగింది. అంత రుచిగా ఆమె టీ తాగడం నేను అంతకుముందు చూడలేదు.

గోడ మీది బోర్డును ఓనరు తీసేయలేదు. వ్యాపారస్తుడు, అతడినుంచి అంత ఆశించడం అన్యాయం. కాని ఆ ఆఫీసులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. నిద్ర వల్లనైనా, బండిలో తేడా వల్లనైనా డ్రైవరు ముందు బండి ఆపి, తరువాత ఓనరుకు ఫోన్ చేస్తాడు. ప్రయాణికుడికి సంగతి చెప్పడం, ఇంకో బండి పంపడం, తిట్లు పడటం అన్నీ ఓనరు పని. నేను పోటీలో ఈ సంగతే చెప్పాను. దూరదేశంలో ఒక కుటుంబం మొదలుపెట్టిన మంచి పేరును షాద్‌నగర్ రోడ్డు మీద ప్రతిరోజూ కాపాడుతున్నది మా డ్రైవర్లు అని అన్నప్పుడు, నా గొంతు వాదానికి తగిన దానికన్నా కొంచెం ఎక్కువగానే లేచింది. తగ్గించుకోవాలనిపించలేదు.

కాబట్టి మిమ్మల్ని సూటిగా కోరుతున్నాను. విమానానికి వెళ్ళే రోజున ఇంటినుంచి కాస్త ముందుగా కదలండి. బండి ఎక్కగానే నడిపేవారితో, "తేడా అనిపిస్తే ఆపండి, నేనేమీ అనను" అని చెప్పండి. నిద్ర వస్తున్నదన్నా, చక్రం లాగుతున్నదన్నా రుజువు అడగకుండా దిగి నీడన నిలబడండి. ఆ తరువాత ఆ ట్రావెల్స్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి, మీ డ్రైవరు చేసినది సరైన పని అని చెప్పండి. మీకు ఆలస్యమైన రోజే ఆ ఫోన్ చేయండి.